సిమెంటు కోర్టు మీద ఉత్త కాళ్ళు

ఆ శనివారం ఆదిలాబాద్‌లో, సగం ఆట అయ్యాక, అంజన్న మాలలో ఉన్న మా కెప్టెన్ చేత నేను బూట్లు తొడిగించాను. వద్దన్నాడు. వద్దన్నా వదల్లేదు. జట్టు సంచీలోంచి బూట్లు తీసి వాడి ముందు పెట్టి, అనరాని మాట ఒకటి అన్నాను.  ఆ మాట తర్వాత వాడు బెంచీ చివర కూర్చుని లేసులు బిగించుకున్నాడు. నేను పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నాను. మ్యాచ్ గెలిచాం. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు మొదట గెలుపు గురించే రాయబోయాను. రాసింది కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను.

నేను కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ను. పిల్లలకు పీడీ సార్‌ను. రిటైర్మెంట్ దగ్గర పడింది. స్టాఫ్ రూములో నా కుర్చీ వెనక ఒక అద్దాల బీరువా ఉంది. అందులో కబడ్డీ వాళ్ళు తెచ్చిన కప్పులున్నాయి, ఖోఖో అమ్మాయిలు తెచ్చినవున్నాయి, ఎవరో చదరంగంలో తెచ్చింది కూడా ఒకటుంది. నేను ఆడింది, నేను నేర్పేది బాస్కెట్‌బాల్. ఆ కప్పు మాత్రం లేదు. ఎవరూ అడగరు. బీరువా అద్దం తుడిచేటప్పుడు నాకే కనిపిస్తుంది.

మా వైపు కాలేజీల పీడీలం మాట్లాడుకుని కొన్నేళ్ళుగా మగపిల్లలకు ఒక లీగ్ నడుపుతున్నాం. చలికాలంలో మొదలై ఎండలు ముదిరేలోగా ముగుస్తుంది. వారం వారం ఎవరో ఒకరి కోర్టులో ఆట. బయటివాళ్ళు చూస్తే నవ్వుకునేంత చిన్నది. ఒక కోర్టులో రింగు వంగి ఉంటుంది, ఇంకోచోట బోర్డు వెనక గేదెలు కట్టేసి ఉంటాయి. జమ్మికుంటలో ఆడిన రోజు పత్తి యార్డు నుంచి ఎగిరొచ్చిన దూది వలకు అంటుకుని, బంతి పడ్డప్పుడల్లా కొంచెం కొంచెం రాలింది. హుజూరాబాద్‌లో ఆట మధ్యలో పెళ్ళి బరాత్ వస్తే డీజే చప్పుడులో రిఫరీ విజిల్ ఎవరికీ వినిపించక, రెండు జట్లూ నిలబడి బరాత్ పోయేదాకా చూశాయి. మా సెంటర్ ఆడే పొడుగు పిల్లవాడికి కానిస్టేబుల్ ఉద్యోగం కావాలి. పరుగు అలవాటవుతుందని మాత్రమే ఆటకు వస్తాడు. ఇంకొకడు ఇంట్లో ఎవరి పెళ్ళి ఉన్నా రాడు. వీళ్ళతో వ్యాన్‌లో వెళ్ళి, వ్యాన్‌లో తిరిగొచ్చి, ఆదివారమంతా నడుం పట్టేసి పడుకోవడం. సీజన్ అంటే నాకు మిగిలింది ఎక్కువగా ఆ అలసటే.

ఈ ఏడు మాత్రం జట్టు కుదిరింది. దానికి కారణం కెప్టెన్. ఆఖరి సంవత్సరం పిల్లవాడు, పొడుగేమీ కాదు, మాటలు తక్కువ. బంతి వాడి చేతికి వస్తే మిగతావాళ్ళు ఎక్కడ ఉండాలో వాళ్ళకే తెలిసిపోయేది. వాడిది మంచిర్యాల అవతల బొగ్గు గనుల ఊరు. ఇక్కడ హాస్టల్‌లో ఉండి చదువుతున్నాడు. వాళ్ళ నాన్న గని లోపల పనిచేసేవాడు. ఆ చలికాలంలో ఆయన కాలు పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు కింద పడింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్లు వేశారు. మళ్ళీ నడుస్తాడా లేదా అని అడిగితే డాక్టర్లు చూద్దామన్నారు.

కొండగట్టు ఆంజనేయుడికి, మా వైపు మాటలో అంజన్నకు, మొక్కుకున్నవాళ్ళు మాల వేసుకునే రోజులు వచ్చాయి. ఎండలు మొదలవుతుంటే మా వైపు ఏ వీధిలో చూసినా కాషాయం బట్టలే. మాలలో ఉన్నవాళ్ళకు వేకువనే చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, చాప మీద పడక. కాళ్ళకు చెప్పులుండకూడదు. వాళ్ళను చిన్నా పెద్దా అందరూ స్వామి అంటారు. వాళ్ళూ ఎదుటివాళ్ళను స్వామి అనే పిలుస్తారు. మా కెప్టెన్ ఇంటికి వెళ్ళి, ఊళ్ళో అంజన్న గుడిలో మాల వేసుకుని వచ్చాడు. సోమవారం ప్రాక్టీసుకు కాషాయం నిక్కరుతో, ఉత్త కాళ్ళతో వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"సార్ స్వామి, మాల ఏసుకున్న. బాపు మళ్ళ తన కాళ్ళ మీద తను నడువాలెనని మొక్కిన. ఇగ బూట్లుండయ్. ఆడొచ్చునా?"

'సార్ స్వామి' అనగానే జట్టంతా నవ్వింది.

"స్వామీ, మరి మేం నీకు అడ్డమస్తే పాపం మాకా, పాస్ ఇయ్యనందుకు నీకా?" అన్నాడు పొడుగువాడు.

"సగం సగం పంచుకుందం స్వామీ," అన్నాడు వాడు.

నేను కూడా నవ్వాను. "ఆడు స్వామీ. నీ మాల జోలికి ఎవ్వడు రాడు. నేనున్న గద," అన్నాను. ఆ మాట అందరి ముందూ అన్నాను.

మిగతా కాలేజీల పీడీలు అభ్యంతరం చెప్పలేదు. స్వామి కదా, ఆడనియ్యండి అన్నారు. అంతేకాదు, అవతలి జట్టు పిల్లలు వాడిని తాకడానికి జంకేవాళ్ళు. వాడు బంతి కొట్టుకుంటూ రింగు మీదికి వెళ్తే అడ్డం నిలబడాల్సినవాడు అరడుగు పక్కకు జరిగేవాడు. మాలలో ఉన్న మనిషికి మోచెయ్యి తగిలితే ఇంట్లో అమ్మ ఊరుకుంటుందా! వాడికి అది నచ్చలేదు. "గట్ల జరగకుర్రి స్వామీ, ఆట ఆటే," అని ఎదుటివాళ్ళకు తనే చెప్పేవాడు. నాకు నచ్చింది. ఆ అరడుగు మీద మేం రెండు ఆటలు గెలిచాం. పిల్లల భక్తిని కూడా నేను స్కోరులో కలుపుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

వాడి కాళ్ళు మాత్రం చూస్తూనే ఉన్నాను. గరుకు సిమెంటు మీద ఒక్కసారిగా ఆగి తిరగడం బాస్కెట్‌బాల్‌లో మాటిమాటికీ ఉండే పని. బూట్లుంటే అడుగు అరుగుతుంది, లేకపోతే చర్మం అరుగుతుంది. ఆట అయ్యాక బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. నొప్పి అని ఎప్పుడూ అనలేదు. ఒంటిపూట తిండి వల్ల ఆట చివర్లో మొహం వాడిపోయేది. సెమీఫైనల్ ఆదిలాబాద్‌లో పడిందని తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ కాళ్ళే. జాలితో గుర్తొచ్చాయని చెప్పుకోవాలని ఉంది. కాదు. ఈ కాళ్ళతో గెలవలేం అని గుర్తొచ్చాయి. శనివారం పొద్దున వాడు గుడికి వెళ్ళిన వేళ హాస్టల్‌కు వెళ్ళి, గది తాళం తీయించి, మంచం కింద నుంచి వాడి పాత బూట్లు తీసుకొచ్చి జట్టు సంచీ అడుగున పెట్టాను. వాడికి తెలియదు. అంటే అది కోపంలో జరిగిన తప్పు కూడా కాదు. కరీంనగర్ నుంచి నాతో పాటు వ్యాన్‌లో వచ్చిన తప్పు.

ఆదిలాబాద్ చేరేసరికి ఎండ నెత్తి మీద ఉంది. ఆ కాలేజీవాళ్ళు కోర్టుకు కొత్తగా ముదురు ఆకుపచ్చ రంగు వేయించారు. చూడటానికి బాగుంది. ఆట మొదలైన కాసేపటికే మా కెప్టెన్ పద్ధతి మారింది. వాడు ఎటు పరిగెత్తాలో అటు పరిగెత్తడం లేదు. తెల్లగీతల వెంట పరిగెత్తుతున్నాడు. బంతి దూరంగా ఉన్నప్పుడు గీత మీద నిలబడి ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతున్నాడు. తెలుపు మీద వేడి తక్కువ కదా. నాకు అర్థమైంది, అర్థమైనా అరిచాను: "గీత మీద ఏం చేస్తున్నవ్, లోపలికి పో!" హాఫ్ టైమ్‌కు మేం వెనకబడ్డాం.

వాడు బెంచీ దగ్గరకు వచ్చి తువ్వాలు నేల మీద పరిచి దాని మీద నిలబడ్డాడు.

"కాలుతాంది సార్ స్వామి. కోర్టు మీద జర నీళ్ళు కొట్టిస్తరా? రిఫరీని అడుగుర్రి."

అడిగితే ఒప్పుకునేవాళ్ళేమో. నేను అడగలేదు. "నీళ్ళు కొడితే అందరు జారి పడుతరు," అని సంచీలోంచి బూట్లు తీశాను.

బూట్లు చూసి వాడు నా మొహం చూశాడు. "ఇవి ఎక్కడియి?"

"ఏసుకో. ఇరవై నిమిషాల ఆట. అయినంక విడువు."

"వద్దు సార్ స్వామి. కాలితె కాలనియ్యిండ్రి. ఆడుత."

"గీతల మీద ఆడుడు ఆటనా? వీళ్ళందరు చలికాలం నుంచి పడ్డ కష్టం నీ ఒక్కని కాళ్ళ కింద పోవాల్నా?"

పొడుగువాడు "సార్..." అని ఏదో అనబోయాడు. నేను వినలేదు. అప్పుడే ఆ మాట అన్నాను.

"నువ్వు ఉత్తకాళ్ళతోని ఎగిరితే మీ బాపుకు కాలు వస్తదా? డాక్టర్లు చేసేది డాక్టర్లు చేస్తరు. ఏసుకో."

 వాడు మెడలో మాలను కళ్ళకద్దుకుని, జెర్సీ లోపలికి తోసి, బెంచీ చివరికి వెళ్ళి కూర్చున్నాడు.

బూట్లతో వాడు కోర్టులోకి దిగగానే అవతలివాళ్ళు చూశారు. "అరే భాయ్, స్వామి బూట్లు ఏసిండు!" అని ఒకడు అరిచాడు. "ఇగ స్వామి లేడు గీమి లేడు, గట్టిగ పట్టుర్రి!" అంతవరకు పక్కకు జరిగినవాళ్ళు ఎదురు రావడం మొదలుపెట్టారు. మోచేతులు, భుజాలు, ఒకసారి మోకాలు. వాడు పడ్డాడు, లేచాడు, ఫ్రీ త్రోలు వేశాడు. ఒక్కటీ తప్పలేదు. అంత బాగా వాడు ఆడటం నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చివరి విజిల్‌కు మేం ముందున్నాం. మా పిల్లలు ఎగిరారు. నేనూ రెండు చేతులూ పైకెత్తాను. దించేటప్పటికి వాడు కోర్టులో లేడు.

కొళాయి కింద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు. చీలమండల దాకా, వేళ్ళ మధ్య, మళ్ళీ చీలమండల దాకా. ఆదిలాబాద్ పీడీ వచ్చి నాకు చెయ్యిచ్చి, టీ తాగించి, వాళ్ళ ప్రిన్సిపాల్‌కు పరిచయం చేసి తీసుకొచ్చాడు. అప్పటికీ వాడు కడుక్కుంటూనే ఉన్నాడు. విడిచిన బూట్లు గోడ పక్కన ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. నేనే తీసి కవర్లో పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణం ఆసిఫాబాద్ మీదుగా. దారిలో వాడి ఊరు తగులుతుంది, నాన్నను ఒకసారి చూసిపోతాడని ముందే అనుకున్న దారి. వ్యాన్‌లో పాటలు లేవు. పొడుగువాడు అరటిపండు వలిచి వాడికి అందించాడు. "తిను స్వా..." అని ఆగిపోయాడు. ఏమని పిలవాలో వాడికి తెలియలేదు.

"గట్ల పిలువకు ఇగ," అన్నాడు కెప్టెన్ మెల్లగా. "మాల ఇంటికాడ తీసేస్త."

పండు పొడుగువాడి చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి కెప్టెన్ ముందు సీటులో ఉన్న నా వైపు వంగి, "సార్, మా ఊరి కమాను కాడ దించుర్రి. నేను రేపు బస్సుకస్త," అన్నాడు. సార్ అన్నాడు. అంతే. రోజూ విని నవ్వుకునే ఆ రెండో మాట లేదు.

దీపాలు పెట్టే వేళకు ఊరు వచ్చింది. పిల్లలను టీ తాగమని చెప్పి నేను కూడా దిగాను. వాడు వద్దనలేదు, రమ్మనలేదు. క్వార్టర్ల మధ్య నల్లటి రోడ్డు మీద వాడు ముందు నడుస్తున్నాడు, కవర్లో వాడి బూట్లు పట్టుకుని నేను వెనక నడుస్తున్నాను. గుడ్డి దీపాల వెలుతురులో వాడి అడుగులు చూశాను. మడమలు నేలకు ఆనడం లేదు.

వాళ్ళ నాన్న క్వార్టర్ ముందు మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కాలికి కట్టు, కాలి కింద ఇంకో దిండు. మమ్మల్ని చూసి లేవబోయినట్టు చేతులు ఊని, గుర్తొచ్చి ఆగాడు.

"రా సారూ, రా. స్వామీ, కుర్చీ తే. గెలిచిండ్రా?"

"గెలిచినం," అన్నాను.

"మరి ఇద్దరి మొకాలు గట్లున్నయేంది? ఓడినోళ్ళు గూడ గింత పరేషాన్ ఉండరు." లోపలికి తిరిగి, "ఏమే, సారుకు చాయ్ పెట్టు. గెలిచొచ్చిండ్రట, చక్కెర జర ఎక్కువెయ్యి, మొకాలు తెలివికొస్తయ్," అన్నాడు.

వాడు లోపలికి వెళ్ళాడు. వాడు చెప్పడని నాకు అర్థమైంది. నేను చాయ్ తాగి లేచి వచ్చేస్తే, ఈ ఇంట్లో నన్ను ఎప్పటికీ మంచి సారే అనుకుంటారు. ఆ సుఖం ఎంతసేపు ఆలోచించానో చెప్పలేను, కానీ ఆలోచించాను. చాయ్ వచ్చింది. గ్లాసు కింద పెట్టి చెప్పేశాను. బూట్లు నేనే తెచ్చిన సంగతి, నీళ్ళు అడిగితే కొట్టించని సంగతి, ఆయన కాలు గురించి అన్న మాట. ఆ మాట ఆయన ముందు మళ్ళీ అనడం వాడితో అనడం కంటే కష్టమైంది.

ఆయన తన కాలి వైపు చూసుకుంటూ విన్నాడు. గడప దగ్గర వాళ్ళ అమ్మ నిలబడిపోయింది.

"నేను బూట్లేసుకునే దిగిన సారూ గనిలకు," అన్నాడు చివరికి. "ముందట ఉక్కు ఉంటది గా బూట్లకు. మస్తు గట్టియి." తనే చిన్నగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "నా కాలు సంగతి ఇడిసిపెట్టు. నువ్వన్నది అబద్ధం గాదు, డాక్టర్లే చెయ్యాలె. గాని గిదంత నాకెందుకు చెప్తున్నవ్? మొక్కింది నేనా? వానికి చెప్పినవా?"

చెప్పలేదు. అంత దూరం ఒకే వ్యాన్‌లో వచ్చి, అంత రోడ్డు వెనకే నడిచి, వాడికి ఒక్క మాట చెప్పలేదు.

పెరటి తొట్టి దగ్గర వాడు స్నానం చేసి కాషాయం పంచె చుట్టుకుంటున్నాడు. మాల ఇంకా తీయలేదు, మెడలోనే ఉంది. నేను నిలబడి చెప్పాను. "బూట్లు తెచ్చుడు తప్పు. ఏసుకొమ్మనుడు తప్పు. బాపు మాట తీసుడు అన్నిటికన్న తప్పు. మాల జోలికి ఎవ్వడు రాడని చెప్పి నేనే వచ్చిన."

వాడు పంచె అంచు పిండాడు.

"మీరు ఏసుకొమ్మన్నరు. ఏసుకున్నది నేనే గద సార్. ఏసుకున్నంక ఎంత అల్కగ, తేలికగ ఉండెనో! గెలవాలెనని నాకు గూడ ఉండె. గదే బాధ."

బూట్ల కవరు తొట్టి పక్కన పెట్టబోయి, మళ్ళీ చేతిలోకే తీసుకున్నాను. 

వాడికి మాల వేసిన గురుస్వామి రెండు క్వార్టర్ల అవతలే ఉంటాడు. ఆయన కూడా గని పనివాడే, డ్యూటీ దిగి వచ్చి భోజనానికి కూర్చోబోతున్నాడు. కెప్టెన్ వాళ్ళ అమ్మ వెళ్ళి ఆయన్ను పిలుచుకొచ్చింది. ఆయన మొత్తం విని వాడిని ఒక్కటే అడిగాడు.

"మాల తీస్తనన్నవట?"

"తప్పయింది గద స్వామీ."

"తప్పయితె అంజన్నకు చెప్పుకుంటరు. పొద్దుగాల తలస్నానం చేసి గుడికి రా, నేను గూడ వస్త. మిగిలిన దినాలు నియమం తప్పకుండ ఉండు. తీసుడు కొండగట్టు మీదనే." తర్వాత నా వైపు తిరిగాడు. "మీరేం చెప్పే సారు?"

"ఆటలు."

"గట్లయితె మంచిగనే అయింది. మాల దిగేదాక వీని కాళ్ళు మీ పూచీ. చెప్పులు ఎక్కొద్దు, పుండ్లు గావొద్దు. రెండు గావాలె. ఎట్ల చేస్తరో మీ ఇష్టం."

శిక్ష అనలేదు ఆయన. పని చెప్పినట్టు చెప్పి అన్నానికి వెళ్ళిపోయాడు.

సోమవారం ప్రాక్టీసులో జట్టంతటి ముందూ నా తప్పు చెప్పాను. పిల్లలు కాళ్ళతో నేల గీకుతూ విన్నారు. "సార్, స్వామి బూట్లేసుకుంటె బాగుండు అని మేం గూడ అనుకున్నం మనసుల," అన్నాడు పొడుగువాడు. ఆ రోజు కెప్టెన్ కాళ్ళకు గుడ్డ పట్టీలు కట్టి కూర్చోబెట్టాను, పరిగెత్తనివ్వలేదు. ఆ వారమంతా పొద్దున, సాయంత్రం హాస్టల్‌కు వెళ్ళి కాళ్ళు చూశాను, మందు రాశాను. కాళ్ళు ఇచ్చేవాడు, మాట ఇచ్చేవాడు కాదు. అడిగినదానికి "అవును సార్", "లేదు సార్" అనేవాడు.

ఫైనల్ మా కోర్టులోనే, ఆసిఫాబాద్ కాలేజీ మీద. సాయంత్రం నాలుగింటికి. ఆ వేళకు సిమెంటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి ఆట పొద్దున ఏడింటికి పెడదామన్నాను.

"ఏడింటికా? ముఖ్య అతిథి ఏడింటికి లేస్తరా?" అన్నారు ఆయన. "షామియానా చెప్పినం, ఫోటోగ్రాఫర్‌ను పిలిచినం. ఇన్నేండ్లకు ఒక ఫైనల్ వస్తే పాలబండి టైముకు ఆడుతరా?"

కారణం చెప్పాను. నా తప్పుతో సహా చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టారు. "అతిథి రాకుంటే కప్పు ఎవరిస్తరు?" అన్నారు. "ఎవరైనా ఇయ్యొచ్చు సార్," అన్నాను. షామియానా వద్దన్నారు, ఫోటోగ్రాఫర్‌ను వద్దన్నారు, "మీ ఇష్టం, మీ బాధ్యత" అన్నారు. ఎదురుచూసిన ఫైనల్‌ను జనం లేకుండా ఆడబోతున్నానని గదిలోంచి బయటికి వచ్చాక తెలిసింది. కొంచెం బాధేసింది. దాచను.

ఆసిఫాబాద్ పీడీకి ఫోన్ చేస్తే, "ఏందన్నా, పొద్దుగాల ఏడింటికి మ్యాచా? వచ్చేటప్పుడు పాల పాకెట్లు గూడ ఏసుకుంట రావాల్నా?" అన్నాడు. ముందురోజు సాయంత్రమే రమ్మన్నాను, మా సెమినార్ హాలులో పడకలు వేయిస్తానన్నాను, సంగతి చెప్పాను. 

"స్వామి కోసమని ముందుగాల చెప్పరాదే! వస్తం. గాని మా పోరగాళ్ళు భయపడి పక్కకు జరుగుతరని ఆశ పెట్టుకోకు మల్ల."

"వద్దు. గట్టిగనే ఆడుమను. స్వామి గూడ గదే అంటడు."

శనివారం చీకటి విడుతుండగా కోర్టుకు వెళ్ళాను. పక్కన కొత్త గదులు కడుతున్నారు. రాత్రి గాలికి ఇసుక, సన్న కంకర కోర్టు నిండా పరుచుకుని ఉన్నాయి. వేపాకు, సోడా మూతలు, ఎవరో పగలగొట్టిన సీసా ముక్కలు. ఇన్నేళ్ళుగా ఈ కోర్టు మీద నిలబడి విజిల్ ఊదాను, దీని మీద ఏముంటుందో ఎప్పుడూ చూడలేదు. బూట్ల కింద తెలియదు. చెప్పులు గోడ పక్కన విడిచాను. ఊడ్చినచోట అరికాలితో తడిమి చూసుకుంటూ, గుచ్చుకున్నచోట మళ్ళీ ఊడ్చాను. గాజు ముక్కలు చేత్తో ఏరాను. వంగి వంగి నడుం పట్టేసింది. సగం కోర్టు అయ్యేసరికి నా కాళ్ళే మండుతున్నాయి, అదీ చల్లటి సిమెంటు మీద, నడుస్తూ. తర్వాత పైపు లాగి నీళ్ళు కొట్టాను, ఆట వేళకు ఆరిపోవాలని లాగుడు చీపురుతో నీళ్ళు బయటికి తోశాను.

హాస్టల్ వైపు నుంచి పిల్లలు వచ్చారు. వాడు అందరికంటే వెనక వస్తున్నాడు. తడి తల, కాషాయం తువ్వాలు, మెడలో మాల. మడమలు నేలకు ఆనుతున్నాయి. కోర్టు అంచు దగ్గర ఆగి తడి సిమెంటును చూశాడు, గోడ పక్కన నా చెప్పులు చూశాడు, నా కాళ్ళు చూశాడు. గీత వెంట చుట్టూ ఒకసారి నడిచాడు. నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను. అవతలి రింగు కింద ఆగి బొటనవేలితో నేలను రాశాడు.

"సార్ స్వామీ," అని పిలిచాడు అక్కడి నుంచే. "గీ మూలకు గూడ జర ఊడువుండ్రి. కంకరున్నది."

చీపురు తీసుకుని ఆ మూలకు వెళ్ళాను.